అవ్వకు కానరాని బిడ్డ

తెలంగాణ ఉద్యమం రోజుల్లో ఒక మధ్యాహ్నం రాస్తారోకో వల్ల బస్సులు ఆగిపోయి జనగామ బస్టాండ్‌లో చిక్కుకుపోయాను. నా పక్కన భూపాలపల్లి పోవాల్సిన ఒక అవ్వ కూర్చుంది. ఇంతలో బయట దొంగ దొరికాడని కేకలు వినిపించాయి. జనంతో పాటు నేనూ లేచాను.

"పోకు బిడ్డా," అని అవ్వ నా చెయ్యి పట్టుకుంది.

ఆమె ఒక్కగానొక్క కూతురిని తాగి ట్రాక్టర్ నడిపినోడు తొక్కించి చంపాడట. ఊరోళ్లు వాణ్ణి స్తంభానికి కట్టేసి ఆమె చేతికి కట్టె ఇచ్చారు.

"మొదలు నేనే కొట్టిన. తర్వాత అందరు కొట్టిండ్రు. నేను వద్దంటె ఆగెటోళ్లే. అనలే. వాని పాణం పోయింది."

"కడుపుకోత గదా అవ్వా," అన్నాను.

"కడుపుకోతనే. గని గిప్పుడు కండ్లు మూస్తె నా బిడ్డ కానొస్తలేదు. దండం పెట్టుకుంట ఏడ్సిన వాడే కానొస్తుండు."

బయట దెబ్బల చప్పుడు మొదలైంది. అవ్వ మెల్లగా లేచింది. "జర జరుగుండ్రి," అంటూ గుంపులోకి దూరి, కింద పడ్డవాని మీద కొంగు కప్పి కూలబడింది. ఎత్తిన చేతులు ఒక్కొక్కటే దిగాయి.

పోలీసులు వచ్చి వాణ్ణి తీసుకుపోయినా, ఆమె చాలాసేపు అక్కణ్ణుంచి లేవలేదు.