పెంటయ్య సారు పంజాబీ విభక్తులు

ఎవరు నోరు తెరిచినా అందులో విభక్తి ఎక్కడుందో వెతకనిదే పెంటయ్య సారుకు ముద్ద దిగదు. పాము పాము అని అరిస్తే, కర్ర అందుకునే ముందు "పామును చూసినవా, పాము నిన్ను చూసిందా?" అని అడిగే మనిషి.

తొండుపల్లి బడిలో ముప్పై ఏళ్లు తెలుగు చెప్పి రిటైరయ్యారు. ఎయిర్‌పోర్టు వచ్చాక ఊరి పక్కన సరుకుల లారీలు ఆగసాగాయి. పంజాబీ డ్రైవర్లు దిగారు. ఇక సారుకు రోజూ పండగే. పొద్దున్నే దాబా మంచమెక్కి, వాళ్లచేత వాక్యాలు చెప్పించుకుని నోటుబుక్కులో ఎక్కించేవారు.

"ఈ వయసుల గా పంజాబీ ఏంది? ఇంట్ల ఉప్పు లేదు," అనేది భార్య సక్కుబాయి.

"గమ్మతి చూడే! మన 'ను' వాళ్లకు 'నూ'. మనలెక్కనే పేరుకు ఎనక తగిలిస్తరు. చేసినోనికి 'నే' పెడ్తరు. ఇంగ్లీషుకు గా తోకలు లెవ్వు. ఎవడు ముందు నిలబడితే వాడే కర్త!"

"మరి జర దుకాణం ముందు నిలబడుండ్రి. ఉప్పు తెచ్చేటి కర్త మీరే."

ఆ లారీల యార్డు ఆఫీసులో కంప్యూటర్ మీద పనిచేసే అరుణ ఆయన శిష్యురాలే. సారు ఎదురైతే తప్పించుకు తిరిగేది. "ఆఫీస్ పోతున్న సార్" అంటే చాలు, "షష్ఠిని యాడ పారేసినవ్ బిడ్డా? ఆఫీసు'కు'!" అని నడిబజారులో నిలదీసేవారు.

2012 వానాకాలంలో యార్డు గేటు దగ్గర హర్జీత్ సింగ్ లారీ, ఒక వ్యాను గుద్దుకున్నాయి. రెండింటి మూతులూ సొట్టలే. మేనేజరు జగదీశ్ కోస్తా నుంచి కొత్తగా వచ్చాడు. హిందీయే రాదు, ఇక పంజాబీ ఎక్కడ? హర్జీత్ కంగారుగా చెప్పినదాంట్లో తనకు తెలిసిన మూడు మాటలను అదే వరసలో ఇంగ్లీషులో పెట్టేశాడు. చదవడం రాని హర్జీత్ సంతకం చేశాడు. ఆ కాగితం టైపు చేశాక అరుణకు అర్థమైంది. దాని ప్రకారం తప్పంతా లారీదే, హర్జీత్ ఇక యార్డులో అడుగు పెట్టకూడదు. తొమ్మిదేళ్లు బండికి గీత పడనివ్వని మనిషి మెట్ల మీద తల పట్టుకు కూర్చున్నాడు.

అరుణకు మనసొప్పలేదు. ఎన్నడూ లేనిది తానే దాబాకు పరుగెత్తి సారును పిలుచుకొచ్చింది.

హర్జీత్ మళ్లీ చెప్పాడు. "మేరే ట్రక్ నూ వ్యాన్ నే టక్కర్ మారీ."

సారు కళ్లు మెరిశాయి. "ట్రక్ 'నూ'! వ్యాన్ 'నే'! లారీని వ్యాన్ గుద్దింది అంటుండు. మీరేం రాసిండ్రు?"

"లారీ, వ్యాన్, గుద్దింది... వరసగానే రాశానండీ!" అన్నాడు జగదీశ్.

"గా వరసనే కొంప ముంచింది. ఇంగ్లీషుల ముందున్నోడే గుద్దినోడు అయితడు!"

సారు వ్యాన్ డ్రైవరు వైపు తిరిగారు. వాడు తొండుపల్లి శేఖరే, సారు చేతి బెత్తం తిన్నవాడే. "నువ్వు చెప్పురా. నిండు వాక్యం. విభక్తితోని."

శేఖర్ నేల చూశాడు. "నేను... లారీని... గుద్దిన సార్."

"శభాష్! తప్పు చేసినవ్ గని వాక్యం తప్పు లేదు!"

జగదీశ్ కాగితం చింపి, హర్జీత్ చేయి పట్టుకుని క్షమించమన్నాడు. ఈయన మా సారు అని అరుణ ఆఫీసులో అందరికీ పేరుపేరునా చెప్పింది.

సారు బల్లమీద పెట్టిన నోటుబుక్కు తిరిగి అందిస్తూ లోపలికి చూసింది. ప్రతి వాక్యం పక్కనా ఒక డ్రైవరు పేరు. 'అమ్మను దవాఖానకు తీసుకుపోయిండ్రు.' 'చిన్నబిడ్డను చూసి మూడు నెలలైంది.' కింద ఎర్ర సిరాతో, 'మళ్ల వస్తే అడగాలె.'

"సార్, ఇవి విభక్తులేనా?"

"ఇల్లు ఎట్లుంది అంటే మంచిగనే ఉంది అంటడు, ఊకుంటడు. 'నూ' తోని ఒక వాక్యం చెప్పు అను... అమ్మను, బిడ్డను, బర్రెను, అందర్ని తోలుకొస్తడు. ఇంత దూరంల వాని మాట వినేటోడు ఎవడున్నడు బిడ్డా?"

అంతలో గేటులోకి ఇంకో లారీ వచ్చింది. డ్రైవరు దిగీదిగకముందే సారును చూసి పంజాబీలో కేకేశాడు.

"ఏమంటుండు సార్?"

"బర్రె ఈనిందట! ఆడదూడనట!" అంటూ సారు పరుగులాంటి నడకతో ఎదురెళ్లారు.

అరుణ క్యాంటీనుకు ఫోన్ చేసి, పంజాబులో పుట్టిన ఆ దూడ పేరు మీద అందరికీ చాయ్ చెప్పింది.