పాదమే చూశాను, పని అడగలేదు

2022 వేసవి. విజయవాడలో బెంజ్ సర్కిల్ దగ్గరున్న ఓ ఆసుపత్రిలో, షుగర్ రోగుల కాలిపుండ్లకు కట్లు కట్టే గదికి నేను ఇన్‌చార్జి నర్సుని. నోరు కాస్త పెద్దదే. డాక్టరు గారి మాట విననివాళ్ళు కూడా నా కేకలకు భయపడి వింటారని నాకో గర్వం ఉండేది.

మంగళగిరి నుంచి నాగేశ్వరరావు గారు, ఆయన భార్య భూలక్ష్మి గారు బస్సులో వచ్చేవారు. ఆయనకు అరవై దాటాయి. కుడికాలి బొటనవేలి కింద రూపాయి బిళ్ళంత పుండు. షుగర్ ముదిరితే పాదాల్లో స్పర్శ పోతుంది, పుండు మీద ఎంత బరువు పడినా నొప్పి తెలియదు. అందుకే ఆ చోట బరువు పడకుండా చూస్తాం. దాన్నే ఆఫ్‌లోడింగ్ అంటాం. మెత్తటి చెప్పులిచ్చి, నడవొద్దని చెప్పి పంపాను.

మూడు వారాలైనా పుండు మానలేదు సరికదా, ఇంకా లోతైంది. "రెండు వారాలు చూద్దాం. తగ్గకపోతే వేలు తీసెయ్యాల్సిందే" అన్నారు సర్జన్ గారు. నాకు ఒళ్ళు మండింది. గదిలో మరో నలుగురు పేషెంట్లు ఉండగానే అడిగేశాను.

"నడవొద్దని చెప్పానా లేదా?"

"నడవలేదమ్మా."

"నడవకుండానే ఇట్టా అయిందా? అబద్ధాలు చెప్తే నష్టం ఎవరికి?"

ఆయన తల దించుకున్నారు. భూలక్ష్మి గారు ఏదో చెప్పబోతే చేత్తో వారించారు. మా నాన్న వయసు మనిషి. ఆ సంగతి అప్పుడు నాకు తోచలేదు.

తర్వాతి వారం పుండు కడుగుతుంటే, కట్టు అడుగున దూదికి అంటుకుని సన్నటి గులాబీరంగు దారప్పోగు ఒకటి కనిపించింది.

"ఇదెక్కడిదండీ?"

"మగ్గం మీది పోగమ్మా."

కేస్ షీట్లో వృత్తి అన్నచోట 'చేనేత' అని రాసే ఉంది. నెల రోజులుగా ఆ కాగితం నా చేతుల్లోనే తిరుగుతోంది.

"మగ్గం మీద ఎట్టా కూర్చుంటారో ఒకసారి చూపిస్తారా?" అని అడిగాను.

ఆయన స్టూలు మీద సర్దుకుని కూర్చున్నారు. చేతులు గాల్లోనే నేస్తుంటే, కింద పాదాలు ఒకటి మార్చి ఒకటి తొక్కసాగాయి. ఆయనది గుంట మగ్గం. కాళ్ళు గుంటలోకి దించి, రోజంతా చెక్కలు తొక్కుతూ నెయ్యాలి. బరువంతా సరిగ్గా పుండున్న చోటే పడుతోంది.

"మీరు నడవొద్దన్నారు. అందుకే కదలకుండా మగ్గంలోనే కూర్చున్నానమ్మా."

"మరి నేనిచ్చిన చెప్పులేమయ్యాయి?"

"గుమ్మం దగ్గర విడుస్తా. చెప్పులతో మగ్గంలోకి దిగుతామా అమ్మా? అన్నం పెట్టేది గదా."

ప్రాణం ముఖ్యమా, పట్టింపు ముఖ్యమా అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. మా ఇంట్లో దేవుడి గదిలోకి నేను చెప్పులతో వెళ్తానా? "మరి ఏం చేద్దామండీ, మీరే చెప్పండి" అన్నాను. ఆ గదిలో అంతకుముందు ఎవరినీ అలా అడిగిన గుర్తు లేదు.

ఆయన భార్య వైపు చూశారు. "నూలు కండెలకు చుట్టడం చేతి పనేగా. అది నేను చూసుకుంటా. మగ్గం ఆవిడ నేస్తది."

భూలక్ష్మి గారు నవ్వేశారు. "పుట్టింట్లోనే నేర్చుకున్నానమ్మా నేత. పెళ్ళయిన కాడ్నించీ కండెలు నాకు అంటగట్టి, ఒక్కరోజన్నా మగ్గంలోకి దిగనిచ్చారా ఈయన?"

సర్జన్ గారిని బతిమాలి గడువు ఇంకో వారం పెంచుకున్నాను. ఆ గడువు తీరేసరికి పుండు అంచులు దగ్గరపడ్డాయి. సర్జన్ గారు వేలు తీసే మాట మళ్ళీ ఎత్తలేదు. వానాకాలం మధ్యలో పూర్తిగా మానింది. చివరి కట్టు విప్పిన రోజు, పేషెంట్లందరూ ఉండగానే చెప్పాను. "ఆ రోజు నలుగురిలో మీరు అబద్ధమాడారన్నాను. క్షమించండి."

"మీరు నడక గురించి అడిగారు, నేను నడక గురించే చెప్పానమ్మా. పని అడిగిన రోజున పని చెప్పా" అన్నారు. గొంతులో కోపం లేదు. అందుకే నాకు ఇంకా సిగ్గేసింది.

"మగ్గం మాత్రం ఇంకా తిరిగివ్వలేదు ఈవిడ" అని కూడా అన్నారు.

ఇప్పుడు గ్లౌజులు తొడుక్కునే ముందే అడుగుతాను, ఏం పని చేస్తారండీ, ఎట్టా చేస్తారో చూపించండి అని. కొండపల్లిలో బొమ్మలు చెక్కే ఆయన నేల మీద కూర్చుని చూపించారు. ఆటో నడిపే ఆయన నా స్టూలు మీదే బ్రేకు తొక్కి చూపించారు. ఈ ప్రశ్న నాకు నేర్పింది నాగేశ్వరరావు గారు. నేను అన్ని మాటలన్నాక కూడా ఆయన మరుసటి వారం బస్సెక్కి వచ్చి, కట్టు విప్పమని కాలు నా చేతుల్లోనే పెట్టారు. రాకపోయి ఉంటే ఆ వేలూ దక్కేది కాదు, నాకూ బుద్ధి వచ్చేది కాదు. అందుకు ఆయనకు ఇప్పటికీ మనసులో దండం పెట్టుకుంటాను.