బెలూన్ వాళ్లు రమ్మన్నారు

మా అత్తమ్మ మక్కచేనులో ఆకాశం నుంచి ఒక పెట్టె పడింది. అది నా పెళ్లికి ముందు సంగతి. నేను చూడలేదు గానీ ఆమె నోట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు.

మంథని అవతల వాళ్ల ఊరు. కంకులు పాలు పోసుకునే రోజులు. పొద్దు నెత్తి మీదికి వచ్చిన వేళ, ఎర్రటి గుడ్డగొడుగు ఒకటి ఊగుకుంటూ ఊగుకుంటూ వచ్చి చేనులో వాలిందట. దాని కింద తాళ్లకు వేలాడుతూ మంచమంత పెట్టె. ఊరు ఊరంతా ఇళ్లలోకి పరుగెత్తింది. ఆకాశం నుంచి ఏం పడ్డా మా వైపు వాళ్లకు అప్పట్లో అది నెత్తిన కూలుతుందని రేడియో భయపెట్టిన స్కైలాబే. అత్తమ్మ మాత్రం ఉరకలేదు. మేకలు ఆ గుడ్డను నమిలేస్తాయేమోనని కట్టె పట్టుకుని చేనుగట్టు మీద కూర్చుంది. పెట్టె మీద తెలుగులో రాసిన కాగితం ఉందని, దీనివల్ల అపాయం లేదు, ముట్టుకోకుండా కబురు చెయ్యమని రాశారని బడిపంతులు దూరం నుంచే చదివి చెప్పాడు.

మరునాడు హైదరాబాదు నుంచి జీపులో మనుషులు వచ్చారు. పెద్ద బెలూన్‌కు కట్టి ఆ పెట్టెను మబ్బుల పైకి పంపింది వాళ్లే. ఎండకు సొలసిపోయి ఉన్నారు. అత్తమ్మ వాళ్లకు మక్కరవ్వతో గట్క వండి మజ్జిగ పోసింది. పోయేటప్పుడు వాళ్లలో కళ్లద్దాలు పెట్టుకున్నాయన, "అవ్వా, హైదరాబాదు వస్తే మా దగ్గరికి రావాలి. ఈ బెలూన్లు ఎలా తయారుచేస్తామో చూపిస్తాం" అన్నాడు.

మర్యాదకు అన్న మాటే అయ్యుంటుంది. ఆమె మాత్రం దాన్ని పెళ్లిపిలుపులాగా మనసులో పెట్టుకుంది.

మామయ్య పోయాక ఆమె గోదావరిఖనికి, ఎనిమిదో ఇంక్లైన్ కాలనీలో మా క్వార్టర్‌కు వచ్చేసింది. మా ఆయన బొగ్గుబాయిలో ఫిట్టరు. నేను కాలనీలో చిన్న ప్రైవేటు బడిలో పాఠాలు చెప్పేదాన్ని. తొంభైల మొదట్లో ఒక ఎండాకాలం మా ఆయనకు కంపెనీ ఖర్చుతో ఊళ్లు తిరిగే ఎల్‌టీసీ సెలవు మంజూరైంది. మా క్వార్టర్ల లైన్‌లో ఎల్‌టీసీ అంటే తిరుపతి అనే అర్థం. ఆయనా అదే అన్నాడు.

"తిరుపతికి పోదాం గని, దారిల హైదరాబాదు తగులుతది కదా?" అంది అత్తమ్మ.

"తగులుతది. ఏమున్నదే అవ్వా ఆడ?"

"బెలూనోళ్లు రమ్మన్నరు."

మా ఆయన నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. బడి నుంచి తెచ్చుకున్న అట్లాసు ముందేసుకుని కూర్చున్నాను. రాకెట్ల వార్త రేడియోలో వచ్చినప్పుడల్లా శ్రీహరికోట అనే మాట విని, అది ఎక్కడో దేశం చివర ఉంటుందనుకునేదాన్ని. చూస్తే తిరుపతికి అటు పక్కనే ఉంది. హైదరాబాదు దాటి కర్నూలు తోవ పడితే షాద్‌నగర్ దగ్గర, ఆకాశంలో తిరిగే ఉపగ్రహాలు పంపే బొమ్మలను అందుకునే పెద్ద గొడుగు ఉందని మా బడి సైన్సు సారు చెప్పాడు. బెలూన్లు, గొడుగు, రాకెట్లు, ఆ పైన దేవుడు. అన్నీ ఒకే తోవలో పడ్డాయి. పెన్సిలుతో గీత గీసి అత్తమ్మకు చూపించాను. ఆమెకు చదువు రాదు. గీత మీద వేలు పెట్టి చివరిదాకా జరిపి, "గింతేనా!" అంది.

రైలులో పోతే ఈ మూడు చోట్ల దిగడం కుదరదు. అందుకు మెకానిక్ భాయ్ తోడు దొరికాడు. చౌరస్తాలో ఆయన షెడ్డు. కంపెనీ వేలంలో తుక్కు కింద కొన్న జీపును ఏడాది పాటు విప్పి బిగించి, దానికి కొత్త ప్రాణం పోశాడు. దూరం తోలి చూసే సాకు కోసం చూస్తున్నాడు.

"బండి తిరుపతి దాక పోతదా అన్నా?" అని అడిగాను.

"అరే చెల్లె, ఫికర్ ఎందుకు? పోతది. వచ్చుడు అల్లా దయ" అన్నాడు.

ఒక తెల్లవారుజామున సద్దన్నం, పచ్చళ్లు, నీళ్ల క్యాను సర్దుకుని బయలుదేరాం. కరీంనగర్, సిద్దిపేట మీదుగా పోతుంటే అత్తమ్మ ముందు సీట్లో కూర్చుని మబ్బుల కేసే చూసింది. మా ఆయన వెనక కూర్చుని, ఆ మనిషి ఇంకా అక్కడే ఉంటాడా, లోపలికి రానిస్తారా అని దారి పొడుగునా గొణిగాడు. నాకూ అదే గుబులు.

హైదరాబాదులో మౌలాలీ దాటాక దారి అడుగుతూ అడుగుతూ ఆ చోటు పట్టుకున్నాం. పెద్ద మైదానం, రేకుల షెడ్లు, ముందు గేటు. గేటు కాడి మనిషి, "ఎవరు కావాలె?" అన్నాడు.

"నన్ను రమ్మన్నరు" అంది అత్తమ్మ.

"ఎవలు రమ్మన్నరు?"

"కండ్లద్దాలాయన."

"ఈడ అందరికి అద్దాలే ఉంటయమ్మా."

మా ఆయన నా వైపు చూశాడు. అత్తమ్మ తొణకలేదు. తన ఊరి పేరు, చేను, పెట్టె, ఎర్రగుడ్డ అన్నీ వరుసగా చెప్పింది. గేటు మనిషి వింటూ వింటూ తలుపు సగం తెరిచి లోపలికి కేకేశాడు. జీపు తుడుస్తున్న డ్రైవరు ఒకాయన చేతులు దులుపుకుంటూ వచ్చి, ఆమె ముఖంలోకి చూసి ఆగిపోయాడు.

"గట్క పెట్టిన అవ్వ గాదె నువ్వు!"

ఆ రోజు జీపు తోలుకుని వచ్చింది ఈయనే. కళ్లద్దాలాయన బొంబాయికి బదిలీ అయి చాలా రోజులైందట. ఆ మాట విని అత్తమ్మ ముఖం చిన్నబోయింది. "నేను ఆలిస్యం చేసిన" అంది. డ్రైవరు, "ఆయన లేకుంటేంది, మేం లేమా?" అని లోపలికి పోయి ఒక ఆఫీసరును వెంటబెట్టుకుని వచ్చాడు. చిన్న వయసు మనిషి. సంగతంతా విని, చెప్పులు విడిచి రమ్మన్నాడు.

అంత పొడుగు గది నేను మళ్లీ ఎక్కడా చూడలేదు. ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒకటే బల్ల. దాని మీద పట్టీలు పట్టీలుగా ప్లాస్టిక్ పొరలు పరిచి, వేడితో అంచులు అతికిస్తున్నారు. ఎవరూ గట్టిగా మాట్లాడటం లేదు. ఆఫీసరు చిన్న ముక్క తెచ్చి అత్తమ్మ చేతిలో పెట్టాడు. ఆమె దాన్ని వెలుతురుకు పట్టి చూసింది. ఊదింది. అది ఆమె ముఖం ముందే లేచి తేలింది.

"ఉల్లిపొర నయం గదయ్యా! గింత పల్చటిది గంత పెట్టెను ఎట్ల మోస్తది?"

"లోపల గాలి కన్నా తేలికైన గ్యాసు నింపుతామమ్మా. నీళ్లలో బెండు తేలినట్టు గాలిలో తేలుకుంటూ పోతుంది."

"చుక్కల దాక పోతదా?"

"అంత దూరం పోదు. చుక్కల నుంచి వచ్చే కొన్ని కిరణాలను మన గాలి కిందికి రానివ్వదు. గాలి పల్చబడే దాకా పోయి, అక్కడ ఆ కిరణాలను పట్టుకుంటుంది మా పెట్టె."

అత్తమ్మ ఆ ముక్కను బల్ల మీద పెట్టి, "అంటే నా చేన్ల పడ్డ పెట్టెల చుక్కల వెలుగు ఉండెనా?" అని అడిగింది. ఆఫీసరు నవ్వి, "వెలుగు కాదమ్మా, ఎంత వెలుగు వచ్చిందో ఆ లెక్క ఉండింది" అన్నాడు.

ఇంతలో మా ఆయన కనపడలేదు. చూస్తే బల్ల అవతల, అతుకులు వేసే మనిషి పక్కన వంగి నిలబడ్డాడు. "లీకు ఎట్ల పడ్తరన్నా? సూదిమొనంత బెజ్జముంటే ఎట్ల తెలుస్తది?" అని అడుగుతున్నాడు. బాయిలో పంపుల పైపులకు లీకులు కట్టే మనిషికి అక్కడ తన పనే కనిపించింది. దారంతా సణిగిన మనిషిని బయటికి తీసుకురావడానికి మేమే బతిమాలుకోవలసి వచ్చింది.

మరునాడు షాద్‌నగర్ దాటాక ఆ గొడుగును కంచె బయటి నుంచే చూశాం. అనుమతి కాగితం లేనిదే లోపలికి పంపేది లేదన్నారు. సరేనని వేపచెట్టు కింద సద్ది విప్పాం. తింటూ ఉండగా, ఇంటికన్నా పెద్దదైన ఆ తెల్లటి గొడుగు ఉన్నట్టుండి కదిలింది. చప్పుడు లేకుండా ఒక పక్కకు ఒరిగి, మనకు కనపడని దేన్నో చూపుతో వెంబడిస్తున్నట్టు మెల్లగా తిరిగింది. భాయ్ చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"యా అల్లా! గంత బరువు, కిర్రుమన్న సప్పుడు లేదు. ఏం బేరింగులు వేసిన్రో!" అని లేచి కంచె దాకా పోయి, అది ఆగేదాకా రాలేదు.

కర్నూలు, కడప దాటి తిరుపతి చేరాం. దర్శనమైంది. భాయ్ కొండ కిందే ఉండి బండి విప్పుకుని కార్బొరేటరు కడుక్కున్నాడు. మేం దిగి రాగానే లడ్డు అడిగి మరీ తిన్నాడు. అక్కడి నుంచి సూళ్లూరుపేట.

శ్రీహరికోటకు ముందుగానే ఉత్తరం రాశాను గానీ జవాబు రాలేదు. అయినా పోయాం. రెండు పక్కలా నీళ్లు, మధ్యలో సన్నటి రోడ్డు. పులికాట్ సరస్సు అది. గాలికి జీపు టాపు పటపటా కొట్టుకుంది. నీళ్లలో బారులు తీరి నిలబడ్డ ఎర్రకాళ్ల కొంగలు ఒక్కసారిగా లేచాయి. ఇంత నీళ్లకు అవతలి ఒడ్డు ఎందుకు కనపడటం లేదని అత్తమ్మ భాయ్‌ని అడుగుతూనే ఉంది. చివర చెక్‌పోస్టు కాడ మమ్మల్ని ఆపేశారు. ఈసారి ఆమెను రమ్మన్నవాళ్లు ఎవరూ లేరు. కాపలాదారు దురుసుగా ఏమీ అనలేదు. ముందుగా పర్మిషన్ తెచ్చుకోవాలని మాత్రం చెప్పాడు. రాకెట్ లేదు, దాన్ని నిలబెట్టే గోపురం లేదు, సరుగుడు చెట్లు తప్ప ఏమీ కనపడలేదు. అంతదూరం గీత గీసుకుని వచ్చినదాన్ని, ఒళ్లోని అట్లాసు మూసి సంచిలో తోసేశాను.

వెనక్కి వచ్చి సూళ్లూరుపేట బస్టాండు కాడ చాయ్ తాగుతుంటే షిఫ్టు బస్సు వచ్చి ఆగింది. టిఫిన్ డబ్బాతో ఒకామె దిగింది. రాకెట్ కేంద్రం లోపల క్యాంటీన్‌లో పనిచేస్తుందట. అత్తమ్మ ఆమెను ఊరికే వదలలేదు.

"బిడ్డా, గా రాకెట్టు లేచేటప్పుడు ఎట్లుంటది?"

"ముందు వెలుతురు కనపడతాదమ్మా. ఇంకా ఏం వినపడదు. ఆ తర్వాత వస్తాది చప్పుడు. కిటికీలు అదురుతాయి. అలమరలో గిన్నెలు మోగుతాయి."

"మా ఇంట్ల గూడ గట్లనే! ఓపెన్‌కాస్టుల బ్లాస్టింగ్ కొట్టంగనే గిన్నెలన్ని గలగలంటయి."

"మీ ఊళ్లో కూడా రాకెట్లు ఎగరేస్తారా?" ఆమె నిజంగానే అడిగింది.

"రాకెట్లు గావు బిడ్డా, బొగ్గు."

ఇక ఆమె ప్రశ్నలు మొదలయ్యాయి. నేల కింద మనుషులు నిలబడి నడుస్తారా? అక్కడ గాలి ఎలా వస్తుంది? నీళ్లు ఊరితే ఏం చేస్తారు? మా ఆయన చాయ్ గ్లాసు పక్కన పెట్టి, బస్టాండు దుమ్ములో పుల్లతో బాయి బొమ్మ గీశాడు. గాలి దిగే తోవ, తిరిగి పైకి వచ్చే తోవ, పంపులుండే చోటు. పెళ్లయిన ఇన్నేళ్లలో తన పని గురించి ఆయన అంత వివరంగా చెప్పడం నేను వినలేదు. ఆమె తమ ఊరికి పోయే బస్సును పోనిచ్చి మరీ విన్నది. నేనూ పక్కనే కూర్చుని విన్నాను.

తిరుగుదారిలో నంద్యాల కాడ రేడియేటరు కారి ఒక పూట చెట్టు కింద ఉండిపోవడం తప్ప, బండి మాట నిలబెట్టుకుంది.

మరో ఏడాదికి మా ఊళ్లో కేబుల్ టీవీలు మొదలయ్యాయి. పట్నం నుంచి డిష్షులు తెప్పించేకన్నా ఇక్కడే చేస్తే పోలేదా అని భాయ్ ఇనుప చువ్వలు వంచి, తీగవల బిగించి ఒకటి వెల్డింగ్ చేశాడు. షెడ్డు మీద దాన్ని నిలబెట్టిన రోజు మమ్మల్నందరినీ పిలిచాడు. కింద జనం టీవీ ముందు గుమిగూడితే, అత్తమ్మ మెట్లెక్కి పైకి పోయింది. నేను వెనకే పోయాను.

"గిది ఎవల దిక్కు చూస్తున్నది?" అని భాయ్‌ని అడిగింది.

"పైన ఉపగ్రహం ఉంటదవ్వా. దాని దిక్కు."

"ఎవలు పట్టుకోకుంట ఎట్ల నిలవడ్డది? కింద ఎందుకు పడదు?"

భాయ్ నా వైపు చూశాడు. టీచరమ్మవు నువ్వు చెప్పు అన్నట్టు. నాకూ సరిగ్గా తెలియదు. సైన్సు సారు దగ్గర పుస్తకం అడిగి తెచ్చుకుని, మరునాటి సాయంత్రం ఆమె బియ్యంలో రాళ్లు ఏరుతుంటే పక్కన కూర్చుని చదివాను. అర్థమైనంత మేర తెలుగు చేసి చెప్పాను. అది నిలబడి లేదని, భూమి చుట్టూ తిరుగుతూ ఉందని, ఆ వేగమే దాన్ని పడనివ్వదని.

చేటలో ఆమె వేళ్లు ఆగాయి. "ఒడిసెలల రాయి లెక్కనా? తాడు పట్టి తిప్పినంతసేపు పడదు."

"గట్లనే అత్తమ్మా. అచ్చం గట్లనే."

ఆమె తల ఊపి మళ్లీ రాళ్లు ఏరసాగింది. కాసేపటికి తలెత్తి అడిగింది.

"మరి తాడేది?"

నేను పేజీ తిప్పాను.