కొసరుగా వచ్చిన గొట్టం

ఆ రోజుల్లో బేరానికి లొంగని వస్తువు లోకంలో ఉంటుందని నాకు తెలియదు. ఆదోనిలో మాది స్టీలు సామాన్ల అంగడి. నాకు మాటలు సరిగా రాకముందే "ఇంకొంచెం తగ్గించు" అనడం వచ్చిందని మా అమ్మ చెప్పేది (నమ్మను, అలాగని ఖండించను). మా వీధిలో కొసరు లేని బేరం బేరమే కాదు. బిందె కొన్నవాళ్లు గరిటె అడుగుతారు, గరిటె కొన్నవాళ్లు సంచి అడుగుతారు, ఏమీ కొననివాళ్లు కూడా మంచినీళ్లు తాగి పోతారు. ఇంత చదువు చాలదని భౌతికశాస్త్రం కూడా చదివి, ఎమ్మిగనూరులో ఒక ప్రైవేటు బడిలో సైన్సు టీచరుగా చేరాను. రోజూ బస్సులో పోయి రావడం మా నాయనకు బొత్తిగా నచ్చలేదు.

"ఆ జీతం బస్సుకూ టిఫినుకే సరిపోతాండాది. ఈడ గల్లాపెట్టె దగ్గర కూసుంటే నీకేం తక్కువమ్మా?" అనేవాడు. చివరకు ఒక ఒప్పందానికి వచ్చాం. తల్లిదండ్రుల సమావేశం రోజు బడి మేడ మీద టెలిస్కోపు పెట్టి, చందమామను తెర మీద అందరికీ చూపిస్తాను. నాయన కూడా వచ్చి చూస్తాడు. బాగా చూపిస్తే ఉద్యోగం నాది, నవ్వులపాలైతే మరుసటి రోజు నుంచి అంగట్లో కూర్చుంటాను. ఈ షరతు పెట్టింది నేనే. బేరంలో నాకు ఎదురులేదనుకునే వయసు అది.

బడి టెలిస్కోపు మంచిదే. కానీ దానికి కెమెరా తగిలిస్తే చందమామ మొత్తం పట్టేవాడు కాదు. చించిన చపాతీలాగా ఒక ముక్కే కనిపించేది. బొమ్మను కుదించి మొత్తం పట్టించే అద్దం ఒకటుంది, ఫోకల్ రెడ్యూసర్ అంటారు. హైదరాబాదులో ఒక అంగడాయనకు ఫోన్ చేసి, ఆయన గొంతు అరిగేదాకా బేరమాడి, చివర్లో ఆనవాయితీ తప్పకుండా "కొసరేమిస్తావన్నా?" అన్నాను. "అద్దానికి కొసరేందమ్మా" అని ఆయన వాపోయి, "సరే, కెమెరాకు పెట్టుకునే గొట్టం ఒకటి ఏస్త. ఇగ ఫోన్ పెట్టుండ్రి" అన్నాడు. ఆదోని పరువు నిలబెట్టినట్టు ఫోన్ పెట్టేశాను.

పార్శిల్ సరిగ్గా సమావేశం రోజు మధ్యాహ్నం వచ్చింది. అద్దం, దానితోపాటు బొటనవేలంత పొడవున్న నల్ల గొట్టం. అంగడివాళ్ల పిల్లకు ఊరికే వచ్చిన వస్తువును పెట్టెలో వదిలేయడానికి చేతులెట్లా వస్తాయి? అద్దానికీ కెమెరాకూ మధ్య బిగించేశాను. ఎందుకంటే ఏం చెప్పను, వచ్చింది గనుక.

సాయంత్రం పున్నమి ముందరి చందమామ పైకి వచ్చాడు. తల్లిదండ్రులు మేడ ఎక్కి కుర్చీల్లో కూర్చున్నారు. తెర మీద మాత్రం తెల్లటి మసక. టెలిస్కోపుకు ఉన్న ఫోకస్ చక్రం తిప్పాను. కెమెరా లోపలికి జరిగేకొద్దీ మసక తగ్గుతూ వచ్చింది. ఇంకాస్త, ఇంకాస్త అనుకునేంతలో చక్రం చివరికి తగిలి ఆగిపోయింది. అద్దం చున్నీతో తుడిచాను. చున్నీతో తుడిచానే అని భయపడి మళ్లీ తుడిచాను. ల్యాప్‌టాప్ ఆపి మళ్లీ ఆన్ చేశాను. హైదరాబాదుకు ఫోన్ చేశాను (నా నంబరు చూసి ఆయన ఎత్తుతాడా). ఆఖరికి చక్రాన్నే "ఇంకొంచెం దిగన్నా" అని బతిమాలాను. మా వీధిలో అంగడి పెట్టుకోదగిన చక్రం అది, వెంట్రుకవాసి దిగలేదు.

"టీచరమ్మా, ఇది చందమామనా, నీళ్లలో నానిన ఇడ్లీనా?" అంది పెద్దకడుబూరు నుంచి వచ్చిన ఒకామె. పక్కనున్న మగ్గం నేసే పెద్దాయన తెరను చూసి, తల ఎత్తి ఆకాశం చూసి, "ఊరికే చూస్తేనే బాగా కనపడతాండాడు కదప్పా. దీనికింత సామానెందుకు?" అన్నాడు ఎంతో మర్యాదగా. తిట్టినా బాగుండేది. కరస్పాండెంటు సారు గడియారం చూసుకుని, మార్కుల సంగతి మాట్లాడదాం రండని అందరినీ కిందికి తీసుకుపోయాడు. మేడ మీద ఖాళీ కుర్చీలు, నేను, మా నాయన మిగిలాం. ఆయన ఏదైనా అంటే ఏడుద్దామనుకున్నాను. ఎంతకూ అనకపోయేసరికి ఊరికే ఏడ్చాను.

కళ్లు తుడుచుకుంటూ సామాను విప్పబోతుంటే నాయన దగ్గరికొచ్చి, సరుకు చూసే చూపు చూసి, "ఈ గొట్టమేంది?" అన్నాడు.

"కొసరు."

ఆయన ముఖం కళకళలాడింది. "అట్లనా. తీయి, చూద్దాం. ఇత్తడిదా, అల్యూమినియమా?"

తీసి ఆయన చేతిలో పెట్టాను. అద్దం మీద దుమ్ము పడకూడదని కెమెరాను నేరుగా దానికే బిగించాను. అలవాటు కొద్దీ చక్రాన్ని కాస్త వెనక్కి తిప్పాను. తెర మీద గుంటలతో, గీతలతో, అంచు కత్తిరించినట్టు చందమామ నిలబడ్డాడు. అప్పుడు తెలిసింది. ఆ అద్దం పెడితే వెలుగు మామూలుకంటే లోపలే కలుస్తుంది, కెమెరా లోపలికి పోవాలి. నా కొసరు దాన్ని బయటికి నెట్టి కూర్చుంది. తరగతిలో నేను బల్ల గుద్ది చెప్పే పాఠమే.

కిందికి పరుగెత్తాను. మార్కుల మాటలు ముగిసి అప్పటికే అందరూ బస్సులకు పోయారు. తిరిగి వచ్చేసరికి నాయన తెర ముందు కుర్చీ వేసుకున్నాడు.

"ఈ గుంటలన్నీ నిజంగా ఉండేటివేనా?" అన్నాడు. ఉన్నాయన్నాను. చాలాసేపు చూశాడు. తరువాత లేచి, "రేపు నువ్వు బడికే పో" అన్నాడు.

"నేను ఓడిపోయినా కద నాయనా."

"ఓడిపోయినావు. ఇది కొసరు."

ఆ గొట్టం మాత్రం ఆయన తిరిగి ఇవ్వలేదు. గల్లాపెట్టెలో రబ్బరు బ్యాండ్లు ఇప్పటికీ దానికే తొడిగి ఉంటాయి. నేను ఇంకా అదే బడిలో ఉన్నాను, టెలిస్కోపు సామాను ఏది కొన్నా కొసరు అడుగుతూనే ఉన్నాను. కాకపోతే వచ్చినదాన్ని బస్సు దిగగానే నేరుగా అంగట్లో ఇచ్చేసి, చక్రాన్ని అన్నా అని పిలిచిన ఆ పిల్లను తలుచుకుంటూ ఇంటికి పోతాను.