అక్కి రాయనన్న కుమ్మరి తాత

రెండువేల మూడో నాలుగో, సరిగ్గా గుర్తులేదు. కుప్పంలో ఇంటర్ పిల్లలకు జువాలజీ చెప్పేవాణ్ణి. ఎమ్మెస్సీ చేశాను కదా, కాలు భూమ్మీద ఆనేది కాదు. మా అమ్మ పుంగనూరులో జాకెట్లు కుట్టేది. వేసవి సెలవులకు ఇంటికి వెళ్లేసరికి ఆమె ఎడమ నుదుటి మీద, కనురెప్ప మీద ఎర్రటి పొక్కులు గుత్తులుగా ఉన్నాయి. ఆ పొద్దునే లేచాయట. మంటకు తల పట్టుకుని కూర్చుంది.

"అక్కి వచ్చిండాది రా. కుమ్మరాయన్ని పిల్సుకోని రా, రాస్తాడు," అంది.

మా వైపు అక్కి వస్తే కుమ్మరిని పిలుస్తారు. ఆయన కావిమన్ను కలిపి, పొక్కుల చుట్టూ సింహం బొమ్మ గీసి పోతాడు. వినగానే నాకు ఒళ్లు మండింది. చదువుకున్న కొడుకున్న ఇంట్లో సింహాలేమిటి? ససేమిరా వీల్లేదన్నాను.

పోనీ ఆసుపత్రికి తీసుకెళ్లానా? లేదు. పాఠం ఎత్తుకున్నాను.

"చిన్నప్పుడు నీకు ఆటలమ్మ పోసింది కదమ్మా, ఆ వైరసే ఇది. అప్పట్నుంచీ నీ నరాల మొదట్లో పండుకోని ఉండాది." మిషను మీది దారపు కండె తీసి చూపించాను. "దాని డీఎన్‌ఏని మన కణం ఇట్లా ప్రోటీన్ ఉండలకు బిర్రుగా చుట్టేస్తాది. విప్పొద్దని ఆ ఉండల మీద రసాయన గుర్తులు కూడా పెడ్తాది. బిర్రుగా ఉన్నన్నాళ్లు దాని జన్యువులు పని చెయ్యవు. ఒంట్లో సత్తువ తగ్గితే ఆ గుర్తులు మారిపోయి, చుట్టు వదులై..."

"దారం వదులయ్యే సంగతి నాకు చెప్తాండావా? ముప్పై ఏండ్లుగా కుడ్తాండా. మంట తగ్గేదానికి ఏముండాదో చెప్పరా!"

"రెండు వారాల్లో అదే తగ్గుతాదిలే," అని జ్వరం మాత్ర ఒకటి చేతిలో పెట్టాను. ఆ వైరసు ఎట్లా చుట్టుకుంటుందో, ఎట్లా విప్పుకుంటుందో అంతా తెలిసిన ఈ మహానుభావుడికి దానికి మందుందని మాత్రం తెలియదు. తూ, నా చదువు!

మూడు రోజులు అట్లాగే గడిచాయి. నాలుగో పొద్దున అమ్మ నాతో చెప్పకుండా పక్కింటావిడ చేత కబురంపింది. కుమ్మరి తాత కావి గిన్నెతో వచ్చాడు. నేను ముఖం గంటు పెట్టుకుని గడపలో నిలబడ్డాను. ఆయన అమ్మ గడ్డం పట్టుకుని ముఖాన్ని వెలుతురు వైపు తిప్పాడు. ముక్కు కొన మీద కొత్తగా చిన్న పొక్కు లేచి ఉంది. అది చూసి గిన్నె కింద పెట్టేశాడు.

"నేను రాయను తల్లీ. నుదుటి మీదనే ఉన్నింటే రాసిపోయేవాణ్ణి. ముక్కు కొనకు దిగినోళ్లకు కన్ను పోయింది నేను సూసినా." నా వైపు తిరిగాడు. "సదువుకున్నోడివి, యాలప్పా ఇన్ని దినాలు పెట్టుకోని ఉండావు? మదనపల్లెకు, కంటి డాక్టరు దగ్గరికి పిల్సుకోని పో. ఇప్పుడే."

కన్ను పోతే అమ్మ సూదిలో దారం ఎట్లా ఎక్కిస్తుందన్న ఆలోచన అప్పటిదాకా నాకు రానేలేదు. బస్సులో ఆమె కొంగుతో ఎడమ కన్ను మూసుకుని కూర్చుంది.

డాక్టరు లైటు వేసి చూశాడు. నల్లగుడ్డు దాకా పాకిందన్నాడు. మాత్రలు, చుక్కల మందు రాశాడు. చూపు నిలబడుతుందట, కాస్త మసక మాత్రం మిగిలిపోవచ్చట.

"మొదటి రోజే వచ్చి ఉంటే ఇంతదాకా వచ్చేది కాదు. ఎందుకు తీసుకురాలేదు? మీరేం చేస్తుంటారు?" అని నన్ను అడిగాడు.

నేను నోరు తెరిచేలోపు అమ్మ అందుకుంది.

"మావాడు మొదటి దినమే రమ్మన్నాడు సార్. నేనే కుమ్మరాయన రాస్తే సాలని మొండికేసి కూర్చుంటి."

ఈ మూఢనమ్మకాలు ఎప్పుడు వదులుతారమ్మా అని డాక్టరు ఆమెను కోప్పడ్డాడు. నేను పక్కనే నిలబడి, అవునన్నట్టు తల ఊపాను.