ఐలా తెచ్చిన కేకు

తప్పు ఐలాదేనని, కాబట్టి శుక్రవారం కేకు ఆమే తేవాలని యర్కో అన్నప్పుడు మా గదిలో అందరూ నవ్వేశారు. మా ఆఫీసులో అదొక ఆనవాయితీ. సైటును చెడగొట్టినవాళ్లు శుక్రవారం కాఫీకి కేకు తెచ్చి, అందరి ముందూ కోసి పెట్టాలి. అందరూ నవ్వుతూ తినేస్తే తప్పు చెల్లిపోయినట్టేనట. అసలు తప్పు ఎవరిదో తేలకుండా అదెలా చెల్లుతుందో నాకు ఎప్పుడూ అర్థం కాలేదు.

తుర్కు నగరంలో నది ఒడ్డున, పాత మిల్లు భవనంలో మా ఆఫీసు. దీవులకు వెళ్లే పడవల వేళలు చూపించే సైటు నడుపుతాం. యర్కో మా బృందానికి పెద్ద. ఐలా కొయివుమా వయసులో అందరికన్నా పెద్దది, అరవైకి దగ్గర పడింది. వానలోనూ సైకిలు మీదే వచ్చేది. హెల్మెట్ తీయకుండానే పనిలో కూర్చుని, మధ్యాహ్నం ఎవరైనా గుర్తు చేస్తే తీసేది. పడవ రద్దయితే ఆ వార్తను ఫోను చేత పైకి చదివించే ఫైలు ఆమెది. కళ్లు కనపడనివాళ్ల కోసం రాసింది. రాయమని ఎవరూ అడగలేదు.

ఆ బుధవారం గాలికి పడవ ఆగిపోయింది. ఫోను మాత్రం పలకలేదు. ఓస్మో అనే చూపులేని ముసలాయన రేవులో నిలబడి నిలబడి, చివరికి మాకు ఫోన్ చేశాడు.

"మీ పెట్టెకి నోరు పడిపోయిందా? గాలికి నా టోపీ పోయింది, మీ పడవ మాత్రం రాలేదు! సముద్రంలో దూకి ఈదుకుంటూ పొమ్మంటారా?"

యర్కో తన కంప్యూటర్లో చూశాడు. ఫైలు చక్కగా పలికింది. నా దాంట్లోనూ పలికింది. జనం వాడే అసలు సైటులోనే మూగబోయింది.

"ఇక్కడ మాట్లాడి అక్కడ మాట్లాడకపోవడమేంటి?" అన్నాను.

"ఐలా ఫైలు కదా, మూడ్ ఉంటేనే మాట్లాడుతుంది," అన్నాడు యర్కో. అందరూ నవ్వారు. "ఇలాంటిదాన్ని నమ్ముకోలేం ఐలా. సోమవారం తీసి పారేద్దాం. దాని బదులు ఒక ఫోన్ నంబరు పెడితే చాలు. కేకు మాత్రం బ్లూబెర్రీది తే."

ఐలా అతని వైపు తిరిగింది.

"క్రీమ్ ఉండాలా?"

"ఉంటే మరీ మంచిది."

తెచ్చింది కూడా. కోసి పెట్టింది. అందరం తిన్నాం. ఎందుకు తెచ్చింది? ఒక్క మాటైనా అనొచ్చు కదా? సోమవారం ఆ ఫైలు పోతే రేవులో ఓస్మో ఎవరిని అడుగుతాడు?

ఆ మధ్యాహ్నం నా పని పక్కన పెట్టి తవ్వడం మొదలుపెట్టాను. మేం సైటును చిన్నచిన్న ఫైళ్లుగా రాస్తాం. నల్లతెర మీద ఒక కమాండు కొడితే, ఒక పనిముట్టు వాటన్నిటినీ కలిపి ఒకే మూట కడుతుంది. ఆ మూటే జనం ఫోన్లలోకి పోతుంది. మా కంప్యూటర్లలో మూట కట్టం, ఫైళ్లు విడివిడిగానే నడుస్తాయి. తేడా అక్కడే ఉండాలి. కమాండు కొట్టాను. తప్పుంటే ఎర్రగా అరిచే పనిముట్టు అంతా బాగుందని పచ్చగా చెప్పింది. మూట విప్పి వెతికితే ఐలా ఫైలు అందులో లేదు. మళ్లీ కొట్టాను. మళ్లీ లేదు. ఫైలు ఉంది, అన్నిటినీ లోపలికి పిలిచే మొదటి ఫైలులో దాని పేరూ ఉంది. మరి దారిలో ఎక్కడ జారిపోయింది? నాకు పిచ్చెక్కినట్టయింది.

బడి నాకు అచ్చిరాలేదు. ఈ పనంతా పుస్తకాలు ముందేసుకుని నేర్చుకున్నాను. ఆ పనిముట్టు గురించి రాసిందంతా చదివాను. సగం అర్థం కాక మళ్లీ చదివాను. చివరికి దొరికింది. ఎవరూ ఏమీ తీసుకోని ఫైళ్లను వదిలేసి మూట కట్టమని చెప్పే లైను ఒకటి ఉంటుంది. మిగతా ఫైళ్ల నుంచి వేరే ఫైళ్లలో వాడుకోవడానికి మేం ఏదో ఒకటి తీసుకుంటాం. ఐలా ఫైలు నుంచి ఎవరూ ఏమీ తీసుకోరు. దాన్ని లోపలికి రానిస్తే చాలు, తన పని తనే చేసుకుపోతుంది. అందుకే పనిముట్టు దాన్ని చెత్త అనుకుంది. ఆ లైను వేసవిలో యర్కో రాశాడు; ఆ తర్వాత పడవ రద్దవడం ఆ బుధవారమే మొదటిసారి. సైటు తేలికైందని అప్పుడు పైవాళ్లు మెచ్చుకున్నారు కూడా.

ఐలాని పిలిచి చూపించాను. తెరకు దగ్గరగా వంగి చూసింది. ముఖం పాలిపోయింది.

"ఇదుగో, నీ తప్పు కాదు!" అన్నాను.

"ఊఁ," అంది. "నీ కాఫీ చల్లారిపోతోంది, వాల్తెరి."

సోమవారం అందరి ముందూ నేనే చెప్పాను. "అలాగా," అన్నాడు యర్కో, అంతే. వదలకూడని ఫైలుగా ఐలా ఫైలు పేరు ఆ లైనులో చేర్చాం. ఫోను మళ్లీ పలికింది. ఇప్పుడు మరీ గట్టిగా అరుస్తోందని ఓస్మో మళ్లీ ఫోన్ చేసి తిట్టాడు. యర్కో మాత్రం కేకు తేలేదు. తెమ్మని నేనన్నప్పుడు ఐలాయే నా వైపు చూసి, వద్దన్నట్టు తలాడించింది. చలికాలం అయిపోగానే ఆమె ఉద్యోగం మానేసింది. ఎందుకో చెప్పలేదు.

మొన్న వసంతంలో అంగడిలో, చేపల కొట్టు దగ్గర కనిపించింది. అదే సైకిలు, తలమీద అదే హెల్మెట్. నేను ఆగలేకపోయాను.

"నేను చూపించాక కూడా నోరెందుకు విప్పలేదు ఐలా? అతన్ని చూస్తే నాకు ఒళ్లు మండింది. నీకు మండలేదా?"

చేపల సంచీని సైకిలుకు తగిలించింది.

"ఆ లైను యర్కోకి నేర్పింది నేనే, వాల్తెరి. మూట తేలికవుతుందని చెప్పాను. వదలకూడని ఫైళ్ల పేర్లు పక్కన రాయాలి. ఆ మాట కూడా చెప్పానో లేదో, ఎంత ఆలోచించినా గుర్తు రావడం లేదు. చెప్పే ఉంటాను. ఏమో, చెప్పలేదేమో." సైకిలు ఎక్కి, ఒక కాలు నేలమీదే ఉంచి నా వైపు తిరిగింది. "ఇంతకీ ఆ కేకు ఎలా ఉంది? తిన్నారే గానీ ఒక్కరూ చెప్పలేదు."