నాంచారమ్మత్త చూళ్ళేదన్న రోజు

నీళ్ళు చల్లిన ఎర్రమట్టి మీద సున్నంతో గీత గీస్తుంటే ఒక వాసన వస్తుంది. కాస్త ఘాటుగా, కాస్త చల్లగా ఉంటుంది. నేను డ్రిల్లు టీచరుగా పనిచేసే బడిలో ఆడపిల్లల కబడ్డీ కోర్టుకి గీతలు నేనే గీస్తాను. మేం గీస్తాం మేడమ్ అంటారు గానీ, వాళ్ళు గీస్తే అది పాము పాకిన దారిలా ఉంటుంది. నిన్న సాయంత్రం అలా వంగి గీస్తుంటే గాలి తిరిగి ఆ వాసన మొహానికి కొట్టింది. అంతే, "ఏమే పిల్లా, కాళ్ళు చూడవే, కాళ్ళు!" అని వెనకనుంచి ఎవరో కేకేసినట్టయింది. నా పిచ్చి కాకపోతే, సున్నం డబ్బా పట్టుకుని వెనక్కి తిరిగి చూశాను కూడా. నాంచారమ్మత్త పోయి రెండేళ్ళు దాటింది.

ఆవిడ మాకు చుట్టం కాదు. నూజివీడు పక్కన మా ఊరు. ఊరి చుట్టూ మామిడి తోటలే. మా అమ్మా ఆవిడా ఒకే ముఠాలో తోట పనికి వెళ్ళేవాళ్ళు. మగవాళ్ళు కాయ కోసి దింపితే, ఆడవాళ్ళు కూర్చుని మంచి కాయ, దెబ్బ కాయ వేరుచేసి ట్రేలలో సర్దేవాళ్ళు. ఆ పనిలో నాంచారమ్మత్తని మించినవాళ్ళు మా చుట్టుపక్కల లేరు. రెండు రోజుల తర్వాత నల్లబడబోయే మచ్చని ఇవాళే పట్టేసేది. "ఇది పైకి నవ్వుద్ది, లోపల ఏడుద్ది" అని కాయని పక్కన పడేసేది. కోసి చూస్తే నిజంగా లోపల దెబ్బ ఉండేది. తోట కొన్న షావుకార్లు కూడా ఆవిడ పక్కన పెట్టిన కాయని మళ్ళీ ట్రేలో వేయించే సాహసం చేసేవాళ్ళు కాదు.

ఆ కన్ను తోటలో పని అయ్యాక కబడ్డీ కోర్టు మీద ఉండేది. మా ఊరి జట్టంటే ఆవిడకి ప్రాణం. మగపిల్లల జట్టు ఎక్కడ ఆడితే అక్కడికి, మైలవరం అయినా సరే, ఆటో పట్టుకుని వెళ్ళిపోయేది. ఆడవాళ్ళెవరూ అలా వెళ్ళి మగవాళ్ళ గుంపులో నిలబడని రోజులవి. నిలబడటమే కాదు, రిఫరీ కంటే ముందు ఆవిడే ఔటని అరిచేది. ఒకసారి సొంత మరిది కాలు గీత దాటితే, రిఫరీ చూసుకోలేదు గానీ ఈవిడ చూసేసింది. "దాటాడండీ! మా మరిదే! కాలు గీత దాటింది, నేను చూశాను!" అని కోర్టు అంతా దద్దరిల్లేలా అరిచింది. మన జట్టు ఓడింది. ఆ మరిది ఏడాదిపాటు వదినతో మాట్లాడలేదు. ఆవిడ పట్టించుకోలేదు. "మాట్లాడకపోతే మానె. గీత గీతేగా" అనేది. అప్పటినుంచి చుట్టుపక్కల ఊళ్ళలో ఒక మాట స్థిరపడింది. నాంచారమ్మ ఔటంటే ఔటే.

మన జట్టు గెలవాలని మాత్రం అంత ఆరాటం. ఆట అయ్యేదాకా గుక్కెడు నీళ్ళు ముట్టేది కాదు. ఓడితే ఆ రోజు ఇంట్లో పొయ్యి వెలిగించేది కాదు. ఆవిడ మొగుడు అప్పారావు మామ ట్రాక్టర్ డ్రైవరు, నోట్లో నాలుక లేని మనిషి. ఓడిన రోజు గిన్నె పట్టుకుని మా గుమ్మంలో ప్రత్యక్షమయ్యేవాడు. "చెల్లెమ్మా, పచ్చడేమన్నా ఉందా?" అనేవాడు. దాన్నిబట్టే మాకు ఫలితం తెలిసేది. "కబడ్డీ నాకు తెలీదమ్మా. నేను గెలవమని మొక్కుకునేది అన్నం కోసమే" అనేవాడు. మేం పడీ పడీ నవ్వేవాళ్ళం. మా ఇంట్లో పచ్చడి తరచుగానే ఖర్చయ్యేది లెండి, మా ఊరి జట్టు అలాంటిది. పదహారేళ్ళలో ఒక్క కప్పు కూడా మా ఊరికి రాలేదు. చివరికి ఆ కుర్రాళ్ళు ఉద్యోగాలకని తలో దిక్కూ పోయి జట్టే లేకుండా పోయింది. ఆ ఏడు నాంచారమ్మత్త మొహంలో కళే లేదు. "ఎవరికోసం అరవనే?" అని మా అమ్మ దగ్గర కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను.

అప్పుడు మా హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు ఆడపిల్లల జట్టు పెట్టారు. నేను ఎనిమిదో తరగతి. నాన్న వద్దన్నాడు. నిక్కరు వేసుకుని ఆడటమేంటి, మోకాళ్ళు చిట్లితే రేపు ఎవరు చేసుకుంటారు, ఇవీ ఆయన బెంగలు. నాంచారమ్మత్త మా గుమ్మంలోకి వచ్చి నిలబడింది. "ఏంటన్నయ్యా, మోకాళ్ళు చూసి చేసుకునేవాడికి నీ కూతుర్నిస్తావా?" అంది. నాన్న ఇక వద్దనలేదు. నా జీవితంలో ఇవాళ నేను తింటున్న అన్నం ఆ ఒక్క మాట పెట్టిందే.

మాస్టారు నియమాలు నేర్పారు, ఆట మాత్రం ఆవిడే నేర్పింది. ఎదుటి జట్టు పిల్ల కూతకి వస్తే మొహం చూడకూడదనేది. "మొహం అబద్ధమాడుద్ది. కాళ్ళు ఆడవు" అనేది. ప్రతి ఆటకి ముందు మా ఏడుగురినీ వరసగా కూర్చోబెట్టి రెండేసి జడలు వేసి, పైకి మడిచి, చీరపేలికలతో బిగించి కట్టేది. తల నొప్పెట్టి కళ్ళలో నీళ్ళు తిరిగేవి. "ఊరుకోండే. జడ తగిలినా ఔటే. ఒంటిమీదుండేది ఏది తగిలినా ఔటే" అనేది.

నేను పదో తరగతి పరీక్షలు రాసిన వేసవిలో నూజివీడులో పోటీలు పెట్టారు. ఎలాగైతేనేం, ఫైనల్‌కి చేరాం. చింతలపూడి దగ్గరి ఊరి పిల్లలతో ఆట. ఆ రోజే తోటలో లారీ లోడు ఆలస్యమై నాంచారమ్మత్త రావడం ఆలస్యమైంది. ఆ రోజు పనికి వెళ్ళని మా అమ్మ మిగతావాళ్ళకి ఊళ్ళోనే జడలు కట్టి పంపింది. నేను మాత్రం ఒంటిజడ వేసుకుని వదిలేశాను. నూజివీడు కదా, అంతమంది చూస్తారు, కాస్త అందంగా కనబడదామనుకున్నాను. సిగ్గులేకుండా నిజమే చెబుతున్నాను.

ఆట సగంలో ఆవిడ వచ్చింది. చేతుల నిండా మామిడి సొన, చెంగు నడుముకి దోపి ఉంది. వస్తూనే గొంతెత్తుకుంది. ఆవిడ వచ్చేసరికి వెనకబడి ఉన్నాం, చివరికొచ్చేసరికి ఒక్క పాయింటు ముందున్నాం. కోర్టులో మా వైపు నేనొక్కదాన్నే మిగిలాను. ఆఖరి కూత. నన్ను ముట్టుకుని వెళ్ళిందంటే కోర్టు ఖాళీ, ఆ అదనపు పాయింట్లతో కప్పు వాళ్ళది. వచ్చింది వాళ్ళ కెప్టెన్ కుమారి. నేను కాళ్ళే చూశాను. ఎడమకి దూకింది, నేను విసురుగా పక్కకి తిరిగాను. ఆ విసురుకి నా జడ లేచింది. దాని కొసకి ఆమె వేళ్ళు తగిలాయి. తల వెనక చిన్న లాగుడు. ఆమె గీత దాటి వెళ్ళిపోయింది. ఈల పడింది.

"తగిలింది సార్! జడ తగిలింది!" అంది కుమారి.

రిఫరీ నా వైపు చూశారు. "తగల్లేదు సార్" అన్నాను.

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. రిఫరీకి ఎటూ తేలలేదు. కుమారి గుంపు వైపు తిరిగి వెతికింది. నాంచారమ్మత్త పేరు వాళ్ళ ఊరిదాకా వెళ్ళి ఉంది. "పిన్నీ, మీరు చెప్పండి. మీరు లేదంటే మేం ఒప్పుకుంటాం" అంది.

అంతమందీ అటు తిరిగారు. నాంచారమ్మత్త సరిగ్గా నాకెదురుగా, గీత పక్కనే ఉంది. నోరు తెరిచింది. మూసింది. తల దించుకుంది.

"కంట్లో నలుసు పడిందమ్మా. నేను చూళ్ళేదు" అంది.

మేం గెలిచాం. ట్రాక్టర్ మీద ఊరేగించారు, డప్పులు కొట్టారు, కెప్టెన్‌నని నా చేతికే కప్పు ఇచ్చారు. మా ఊరికి మొట్టమొదటి కప్పు! నాంచారమ్మత్త తలనొప్పని ముందే ఇంటికి వెళ్ళిపోయిందన్నారు. మర్నాడు పొద్దున్న మా గుమ్మంలో అప్పారావు మామ, చేతిలో గిన్నె.

"చెల్లెమ్మా, పచ్చడుందా?"

"అదేంటన్నయ్యా, గెలిచారుగా!" అంది అమ్మ.

"గెలిచామంట. పొయ్యి మాత్రం వెలగలేదమ్మా. రాత్రినుంచీ గోడవైపు తిరిగి పడుకుంది. ఏంటంటే చెప్పదు" అన్నాడు.

అమ్మకి అర్థం కాలేదు. నాకు అర్థమైంది.

మూడు రోజులు ఆవిడ కంటబడకుండా తిరిగాను. నాలుగో రోజు ఉండబట్టలేక తోటకి వెళ్ళాను. చెట్టు కింద ఒక్కతే కూర్చుని కాయలు ఏరుతోంది. నా వైపు చూడకుండానే, "తగిలింది కదే" అంది. ఏడుపు ఆగలేదు నాకు. అవునని తలూపి, "చూశావుగా, మరి చెప్పలేదేం అత్తా?" అన్నాను. అడగకూడని మాట అది. తప్పు చేసింది నేను, నిలదీసింది ఆవిడని.

ఆవిడ తిట్టలేదు. చేతిలో కాయని తిప్పి చూసింది. "చెబుదామనే నోరు తెరిచానే. ఒక్కసారి, ఒక్కసారి గెలవనీరాదా అని లోపలెవరో అన్నారు. మాట రాలేదు. నువ్వంటే పిల్లవి, భయపడ్డావు. నాకేమొచ్చింది? ఆ పిల్ల నన్ను నమ్మి అడిగింది" అంది. లేచి చెంగు దులుపుకుంది. "ఆదివారం చింతలపూడి బస్సెక్కుదాం" అంది.

"కప్పు తేనా?" అన్నాను.

"కప్పు ఊరిది. ఇచ్చేయడానికి మనమెవరం? మాట మనది. అది ఇచ్చొద్దాం" అంది.

ఆదివారం చిన్నరసాల బుట్ట ఒళ్ళో పెట్టుకుని ఆవిడ బస్సులో నా పక్కన కూర్చుంది. మేం వెళ్ళేసరికి కుమారి వాకిట్లో అంట్లు తోముతోంది. నన్ను చూసి లేచి నిలబడింది. నాంచారమ్మత్త బుట్ట కింద పెట్టి, కూర్చోమన్నా కూర్చోకుండా చెప్పింది. "అమ్మా, ఆ రోజు నా కంట్లో నలుసు లేదు. చూశాను. తగిలింది. నువ్వు గెలిచావు."

పక్కనుంచి నేనూ అన్నాను, "తగిలింది. నాకు తెలుసు" అని.

కుమారి మసి చేతులు లంగాకి తుడుచుకుంది. కోప్పడుతుందనుకున్నాను. భోరుమని ఏడ్చింది. "మా సారు కూడా నన్ను నమ్మలేదు పిన్నీ. నాంచారమ్మే చూళ్ళేదంటే తగిలుండదు, ఓడిపోయి సాకులు చెబుతున్నావన్నారు. మా జట్టులో అందరూ నన్ను అబద్ధాలకోరంటున్నారు" అంది.

నేను కప్పు గురించే ఆలోచించానే గానీ, ఈ పిల్ల గురించి ఒక్క క్షణం ఆలోచించలేదు. నాంచారమ్మత్త మొహం పాలిపోయింది. తాను ఎన్నేళ్ళో నిజం చెప్పి తెచ్చుకున్న నమ్మకమే ఆ పిల్ల మెడకి చుట్టుకుందని ఆవిడకి అప్పుడే తెలిసింది. మజ్జిగ ఇస్తే వద్దంది. "మీ సారిల్లు ఎక్కడ?" అంది. ఆ మాస్టారి అరుగు ముందు, నలుగురు మగవాళ్ళు చూస్తుండగా, మళ్ళీ మొత్తం చెప్పింది. తర్వాత జట్టు పిల్లలు ఒక్కొక్కరి ఇంటికీ వెళ్ళి చెప్పింది. మాస్టారి ఇంటితో కలిపి ఏడిళ్ళు. ఎండలో, చెప్పుల్లేకుండా. ప్రతి ఇంట్లోనూ అదే మాట. "నేను చూశాను. చూళ్ళేదన్నాను. మీ కుమారి నిజం చెప్పింది." నేను వెనకే నడుస్తూ ప్రతి గుమ్మంలో తల వంచుకున్నాను. కుమారి బస్సుదాకా వచ్చింది. అత్త చేతులు పట్టుకుంది. నాతో మాత్రం మాట్లాడలేదు. న్యాయమే.

ఊళ్ళో సంగతి పొక్కింది. కుర్రకారు మండిపడ్డారు. నెత్తిన పెట్టుకుని ఊరేగించిన పరువు బస్సెక్కి పోయి తీసొచ్చిందన్నారు. ఆవిడ మాత్రం ఆ ఆదివారం బస్సు దిగి ఇంటికి రాగానే పొయ్యి వెలిగించి వంకాయ కూర వండింది. అప్పారావు మామ తిన్న తీరు చూడాలి! నేను ఆడినన్నాళ్ళూ మాకు మళ్ళీ కప్పు రాలేదు. ఆవిడ మాత్రం ఒక్క ఆటా మానలేదు. మునుపటికంటే గట్టిగా అరిచేది, మునుపటికంటే బిగించి జడలు కట్టేది.

ఆవిడ లేదని నాకు బాగా తెలిసివచ్చింది పోయినేడు. మండలం పోటీల్లో మా బడి పిల్లలే ఫైనల్ ఆడారు. నేను గీత పక్కన నిలబడి ఉన్నాను. మా కెప్టెన్ మోచేతికి ఎదుటి పిల్ల వేలు తగిలింది. రిఫరీ చూడలేదు. ఆ పిల్ల నా వైపు తిరిగింది. "మేడమ్, మీరు చూశారు కదా?"

మా ఏడుగురు పిల్లలూ నా మొహమే చూస్తున్నారు. సంవత్సరమంతా నాతోపాటు ఎండలో పరిగెత్తిన పిల్లలు. చెప్పొద్దూ, నోరు తెరిచాక ఒక్క క్షణం మాట రాలేదు. నాంచారమ్మత్తకి ఆ రోజు ఎంత కష్టమైందో, అంతలా ప్రేమించడంలో ఎంత ప్రమాదముందో ఆ క్షణంలో తెలిసింది. నాకంటే ముందు ఏడు గుమ్మాలు ఎక్కి దిగిన మనిషి ఉంది గనక నాకు మాట దొరికింది. లేకపోతే నేనూ కంట్లో నలుసు వెతుక్కునేదాన్నే.

"చూశాను. మా పిల్లే ఔటు" అన్నాను.

ఓడిపోయాం. తిరుగు ప్రయాణంలో ఆటోలో నా పక్కన చోటే మా కెప్టెన్‌కి దొరికింది. అటు తిరిగి కూర్చుని కళ్ళు తుడుచుకుంటోంది. దగ్గరికి తీసుకోబోతే భుజం విదిలించుకుంది. అలగనీ. నేను చేయి వెనక్కి తీసుకోలేదు, ఆ పిల్ల వెనక సీటు మీద ఆనించాను. ఆటో ఊళ్ళోకి వచ్చేదాకా అలాగే ఉంచాను.